గుసగుసల దర్శకురాలు

నాటక బృందంలో ఆమెను అందరూ గుసగుసలమ్మ అని పిలిచేవారు. తెర పక్కన పీట వేసుకుని కూర్చుని, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆమె పని. ప్రేక్షకులకు వినపడకూడదు, నటుడికి వినపడి తీరాలి. ఆ విద్య ఆమెకు ఇట్టే పట్టుబడింది.

ఒకసారి ప్రదర్శన ముంచుకొస్తుండగా దర్శకుడు జ్వరంతో మంచం పట్టాడు. నాటకం మొత్తం నోటికి వచ్చింది ఆమె ఒక్కదానికే. దాంతో రిహార్సల్స్ ఆమె నెత్తిన పడ్డాయి. అరవడం ఆమెకు చేతకాదు. తడబడిన నటుడి దగ్గరికి వెళ్లి, చెవిలో ఒక మాట చెప్పి వచ్చేది. ఎవరికి ఏం చెప్పిందో పక్కవాడికి తెలిసేది కాదు. ఎవరి పరువూ పోలేదు, నాటకం మాత్రం నిలబడింది. కోలుకున్న దర్శకుడు వచ్చి చూసి, "నేను ఇంకొన్నాళ్లు మంచం మీదే ఉండాల్సిందమ్మా!" అని నవ్వి, తరువాతి నాటకం ఆమెకే అప్పజెప్పాడు.

కొన్నేళ్లకు ఆమె ఆడించిన నాటకమొకటి ఊరందరి నోళ్లలో నానింది. దాన్ని సినిమాగా తీద్దామని ఒక నిర్మాత ఇంటికే వచ్చాడు. ఆమె సరేనంది గాని, ఆయన గడప దాటగానే భర్త దగ్గరికి వెళ్లి కూలబడింది. భర్త ఆ బృందానికే దుస్తులు కుట్టే దర్జీ.

"కెమెరా అంటే ఏమిటో నాకు తెలియదండీ," అంది.

"నాకు మాత్రం తెలుసా? ఆడేది మన వాళ్లే కదా. వెళ్లు," అన్నాడు కత్తెర ఆపకుండా.

షూటింగ్ మొదటి రోజే చిక్కొచ్చింది. తండ్రి వేషం బృందంలోని పెద్ద నటుడిది. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన గొంతు మైకు లేకుండానే చివరి వరస దాకా పోతుంది. అలిగి వెళ్లిపోతున్న కూతురిని "తిని వెళ్లమ్మా" అని బతిమాలాల్సిన చోట ఆయన గర్జించాడు. శబ్దం రికార్డు చేసే అతను చెవులు రుద్దుకున్నాడు. మళ్లీ తీశారు. మళ్లీ గర్జనే. బాబాయ్ ముఖం చిన్నబోయింది.

"నాకీ సినిమా అబ్బదమ్మా. ఇంకొకరిని చూసుకో."

"మీరు లేకపోతే నేనూ లేను బాబాయ్. కూర్చోండి." దుస్తుల పని మీద సెట్‌కి వచ్చిన భర్త పెట్టెలోంచి సూది, దారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "కూతురి చొక్కా గుండీ ఊడిందనుకోండి. దారం ఎక్కిస్తూ ఆ మాట అనండి. ఎక్కేదాకా తల ఎత్తొద్దు."

బాబాయ్ కళ్లు చికిలించి, సూది మీదికి వంగాడు. గొంతు దానంతటదే దిగిపోయింది. "తిని వెళ్లమ్మా..." దారం ఎక్కలేదు. మళ్లీ తడి చేసుకుని ప్రయత్నించాడు. కూతురి వేషం వేసిన అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. గుసగుసలమ్మ "కట్" అనడం కూడా మరిచిపోయింది.

ఆ సినిమా చక్కగా ఆడింది. రెండోది బొత్తిగా ఆడలేదు. ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు చూడబోతే హాల్లో వాళ్లిద్దరే.

"తోపులాట లేకుండా చూడొచ్చు," అన్నాడాయన కాళ్లు చాపుకుంటూ.

ఆమెకు నవ్వు ఆగలేదు. బాగా లేని చోటల్లా బాగా లేదని పైకే చెప్పుకుంటూ, చివరిదాకా చూసి వచ్చారు. మర్నాడు ఆమె కొత్త నాటకం మొదలుపెట్టింది.

అప్పటినుంచి ఆమెకు అదే వరస. సినిమా పిలుపొస్తే సినిమా, లేదంటే నాటకం. మొన్న రిహార్సల్ మధ్యలో ఓ కొత్త నటి అడిగింది, "మళ్లీ సినిమా ఎప్పుడండీ?"

"పిలిస్తే వెళ్తాను," అందామె టీ కప్పు కిటికీలో పెడుతూ. "ఈలోగా ఆ కుర్చీ కాస్త ఎడమకి జరుపు తల్లీ, నీ ముఖం కనపడట్లేదు."