చిత్రిక పట్టిన కుట్టుబల్ల

ఆ వడ్రంగిని అందరూ నునుపు మేస్త్రి అంటారు. ఆయన ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విరిగిన కుర్చీలు విప్పి, మళ్ళీ బిగించి తనంతట తానే మేస్త్రి అయ్యాడు. గరుకు తగిలితే మాత్రం ఆయన అరచెయ్యి ఊరుకోదు. మొదటిసారి అత్తారింటికి వెళ్ళినప్పుడు కూడా ముందు గుమ్మం తడిమాడట. "నన్ను చూసి కాదు, మా తలుపు నున్నగా ఉందని చేసుకున్నాడీయన" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ చెయ్యే ఆయన్ని ఇరకాటంలో పెట్టింది.

సందు చివర ఒక పాత ఇంటిని స్మారక భవనం చేస్తున్నారు. స్వాతంత్ర్య పోరాటంలో జెండా పట్టుకుంటే జైలు అన్న రోజుల్లో, ఆ ఇంటి వెనక గదిలో ఆడవాళ్ళు తలుపులు బిగించుకుని జెండాలు కుట్టారు. పైకి మాత్రం పిల్లల బట్టలు కుడుతున్నామనేవారు. మేస్త్రి అత్తగారు వాళ్ళందరిలోకీ చిన్నది. దొరికిపోతామన్న భయంతో ఎవరూ ఫొటో దిగలేదు, పేర్లు రాసుకోలేదు. మిగిలింది ఆ కుట్టుబల్ల ఒక్కటే.

దాని కాలు ఊగుతోంది, సరిచేయమని చెప్పి భవనం చూసుకునే మేడమ్ ముందు గదిలో సున్నం పని దగ్గరికి వెళ్ళింది. కాలు గట్టిపడింది. మేస్త్రి అలవాటు కొద్దీ బల్ల మీద చెయ్యి వేశాడు. గరుకు. ఇంకేముంది, చిత్రిక తీశాడు. బల్లకి ఒక చివరనున్న చెక్క అద్దంలా తేలేసరికి అత్తగారు కర్ర ఊతంతో లోపలికి వచ్చింది. ఎవరెవరు ఎక్కడ కూర్చునేవారో చెప్పమని మేడమే పిలిపించింది.

ఆవిడ నున్నటి చెక్క మీద చెయ్యి పెట్టి కాసేపు వెతికింది.

"నా గీతలేవి నాయనా?"

"ఏం గీతలత్తయ్యా?"

"బట్ట మీద గుర్తులకు పళ్ళున్న చిన్న ఇనప చక్రం తిప్పేవాళ్ళం కదా. ఆ చుక్కలు చెక్కలోకి దిగేవి. నేను కూర్చున్నది ఈ చివరే."

మేస్త్రి ఇంకా చిత్రిక పట్టని పక్క చెక్క మీదికి వంగి చూశాడు. తాను గరుకనుకున్నదంతా చుక్కల వరుసలే.

"మేకు మొనతో మళ్ళీ పెట్టేస్తానత్తయ్యా. ఎవరికీ తెలీదు."

"నువ్వు పెడితే తిన్నగా వస్తాయి. మావి తిన్నగా ఎక్కడ? వీధిలో బూట్ల చప్పుడైతే చెయ్యి వణికేది."

మేస్త్రి ముందు గదిలోకి వెళ్ళాడు. "కాలు బాగుచేశానమ్మా. బల్ల పాడుచేశాను."

మేడమ్ వచ్చి చూసింది. తిట్టలేదు. "ఉన్న గుర్తు ఇదొక్కటే కదండీ" అని బల్ల పక్కన కూలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి. నేల వైపు చూశాడు. శుభ్రంగా ఉంది. చెక్క మీంచి పోయిన చుక్కలు పొట్టులోకే కదా పోతాయి.

"ఇక్కడ పొట్టేదీ?"

"నువ్వటు వెళ్ళగానే ఊడ్చే ఆవిడ తీసుకెళ్ళింది, టీ కొట్టు పొయ్యిలోకి" అంది అత్తగారు.

ఆయన వయసు మరిచి పరిగెత్తాడు. టీ కొట్టు ఆయన పొట్టు గుప్పిట పట్టి పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు.

"వెయ్యకు, ఆగు."

"పొట్టుకి ఇంత పరుగేంటి మేస్త్రీ? ఉంగరం పడిపోయిందా?"

"అలాంటిదే. ఇలా ఇచ్చేయ్."

గదిలోకి తెచ్చి, పొట్టు చుట్టల మీద తడి చేత్తో నీళ్ళు చిలకరించి, విరగకుండా ఒక్కొక్కటే విప్పాడు. చిత్రిక పైపైనే లేపిన పల్చటి పొరలవి. ఒకటి కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు వరుసగా వచ్చింది. ఆ వరుస తిన్నగా సాగి, ఒకచోట పక్కకు జారిపోయింది.

"అదిగో, అది నాదే" అంది అత్తగారు. "ఆ వంకరకి మాలో పెద్దక్క నా చెవి మెలేసింది కూడా."

ఆ పొరల్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి, మేస్త్రే చట్రం కట్టాడు. ఇప్పుడది ఆ కిటికీలో ఉంది. నున్నటి చెక్క బల్లకి అలాగే ఉంది.

ఆ ఇంట్లో బాగుచేయాల్సిన తలుపులు ఇంకా ఉన్నాయి. కొత్త గదిలో అడుగుపెట్టేటప్పుడు మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ముందు అత్తగారిని పిలిపించమంటాడు.