వేలు పట్టేంత జాగ

సోమవారం పొద్దున ఉష సిద్దిపేటలో ఒక గురుకులం హాస్టల్ వంటగదిలో పనికి చేరాలి. చేరుతుందో లేదో తేల్చాల్సింది ఆమె భర్త జయరాజ్ లాప్‌టాప్. ఆమె చేతి సాయం లేకుండా అతను ఒక పూర్తి షిఫ్టు పనిచేయగలిగితే ఆమె వెళ్తుంది. లేకపోతే ఆ పని ఇంకెవరికైనా ఇచ్చుకోమని కబురు చేస్తుంది. ఇద్దరూ అనుకున్న మాట అది.

జయరాజ్‌ది చిన్నకోడూరు. కల్లుగీత కుటుంబం. ఇంటర్ అయ్యాక తండ్రి మల్లయ్యతో పాటు తాటిచెట్లు ఎక్కాడు. ఒక వానాకాలం పొద్దున మోకు ముడి జారింది. నడుమునూ చెట్టునూ కలిపి బిగించే ఆ తాడు తప్ప పైన గీతగాడికి వేరే ఆధారం ఉండదు. హైదరాబాద్ దవాఖానలో ప్రాణం దక్కింది, నడుము కింద స్పర్శ పోయింది. మంచం మీదనే కంప్యూటర్ నేర్చుకున్నాడు. సిద్దిపేటలో ఆఫీసున్న ఒక కంపెనీలో ఇంటి నుంచి చేసే పని సంపాదించాడు. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఇళ్లూ బావులూ చెట్లూ వేరువేరుగా గీత గీసి గుర్తించాలి. పడిన నీడను బట్టి ఏది తాటిచెట్టో ఏది ఈతచెట్టో అతను తడుముకోకుండా గీసేవాడు. ఊరిని పైనుంచి చూడడం అతనికి కొత్త కాదు.

ఆ పనికి పెద్ద తెర కావాలి. అందుకే కంపెనీ ఒక డాక్ ఇచ్చింది. అరచెయ్యంత నల్లటి పెట్టె. తెర, కీబోర్డు, ఇంటర్నెట్, కరెంటు, అన్ని వైర్లూ దానికి వస్తాయి. దాని నుంచి లాప్‌టాప్‌కు వెళ్లేది ఒకటే వైరు. తినడానికో, వీపు పుండ్లు పడకుండా పక్కకు ఒరగడానికో పని ఆపితే ఆ ఒక్క వైరు తీస్తాడు, మళ్లీ పెట్టుకుంటాడు. ఎవరినీ పిలవనక్కర్లేదు.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. తర్వాత తెర మూలన ‘స్లో చార్జర్’ అని కనిపించడం మొదలైంది. చార్జింగ్ ఎక్కుతున్నట్టే చూపిస్తుంది. బ్యాటరీ మాత్రం తరుగుతూ మధ్యాహ్నానికి ఎర్రగీతకు దిగుతుంది. అప్పుడు లాప్‌టాప్‌తో వచ్చిన సొంత చార్జర్ పెట్టాలి. లాప్‌టాప్‌కు ఉన్నది ఒకటే రంధ్రం. చార్జర్ పెడితే డాక్ ఊడుతుంది, పెద్ద తెర ఆరిపోతుంది, పని ఆగుతుంది. పైగా స్విచ్‌బోర్డు మంచం తలవైపు గోడకు ఉంది. అతని చెయ్యి అక్కడికి అందదు.

“నన్ను గూడ గీ గోడకే బిగిచ్చిన్రు, స్విచ్చు లెక్క,” అంది ఉష శుక్రవారం మధ్యాహ్నం, చార్జర్ గుచ్చుతూ. “ఒకపారన్న బంద్ జెయ్యరాదు నన్ను?”

గడపలో కూర్చున్న మల్లయ్య తల తిప్పాడు. “గా లాప్‌టాప్‌కింత కల్లు పొయ్యిరా. తెల్లారేసరికి లేచి కూసుంటది.”

“నువ్వు తాగినంక ఏనాడన్న తెల్లారంగ లేచినవా బాపూ?”

మల్లయ్య నవ్వి తువ్వాల దులుపుకున్నాడు. ఉష నవ్వలేదు. గురుకులం వాళ్లు సాయంత్రంలోగా మాట చెప్పమన్నారు.

జయరాజ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. మెషీన్ల సంగతి చూసే శ్రీజ ఎత్తింది.

“అన్నా, అన్నీ ఒకేపారి పీకకు. ఒక్కొక్కటి తీసి చూద్దాం. ఇప్పుడు సొంత చార్జర్ మీద ఉంది గదా, జోరుగ ఎక్కుతుందా?”

“ఎక్కుతుంది.”

“అయితే లాప్‌టాప్ మంచిగనే ఉంది. మల్ల డాక్ పెట్టు. దానికి ఫోనుగిట్ల ఏమన్న తగిలిచ్చినవా?”

ఉష ఫోనూ, మల్లయ్య టార్చిలైటూ దానికే ఉన్నాయి. రెండూ తీసేశాడు. తేడా రాలేదు. డాక్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ మీది అంకె ఉష వంగి చదివింది. తొంభై వాట్లు. సరిపోతుందంది శ్రీజ. డాక్ నుంచి లాప్‌టాప్‌కు వచ్చే వైరు మార్చి చార్జర్ వైరు పెట్టి చూడమంది. పెద్ద తెర రాకపోయినా ఫరవాలేదు, చార్జింగ్ ఒక్కటే చూడమంది. అప్పుడూ ‘స్లో చార్జర్’ అనే వచ్చింది.

“ఇగ మిగిలింది డాక్, లేకుంటే అడాప్టరే. దాని నుంచి డాక్ దాకా వచ్చే వైరు మీద మెల్లగ చెయ్యి జరుపన్నా. యాడన్న వేడి తగులుతుందా?”

జయరాజ్ డాక్ దగ్గర మొదలుపెట్టి రెండు వేళ్లతో వైరును తడుముతూ వెళ్లాడు. మంచం పట్టె దాకా చల్లగానే ఉంది. పట్టెకు కట్టిన ముడి దగ్గర వేళ్లు చురుక్కుమన్నాయి.

“అన్నా, ఉన్నవా?”

“ఉన్న.”

“దొరికిందా?”

“దొరికింది. నేను కట్టిన ముడే.”

కింద పడినదాన్ని తీసుకోలేడు కాబట్టి చేతి దగ్గరి ప్రతి వస్తువునూ అతను మంచానికి కట్టేవాడు. నీళ్ల సీసా, రిమోటు, డాక్, దాని వైరు. నైలాన్ తాడు చుట్టి, పళ్లతో లాగి బిగించేవాడు. ఒకసారి ముడి జారి పడ్డవాడికి వదులుగా కట్టడం చేతకాదు. తలభాగం లేచే దవాఖాన మంచం అది. దాన్ని పైకి లేపినప్పుడల్లా వైరు కూడా కొంచెం జరగాలి. ముడి దాన్ని జరగనివ్వలేదు. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగాయి. తెగకుండా మిగిలిన నాలుగు పోగుల మీదుగా కరెంటు ఇరుక్కుంటూ వస్తోంది.

“ముందు స్విచ్చు బంద్ జేపియ్యి,” అంది శ్రీజ. “ఊకుంటే అంటుకుంటుండె. ఆఫీసుల ఇంకో అడాప్టర్ ఉంది, రేపు ఎవరన్న వస్తే ఇస్త.”

ఉష గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చు ఆపింది. తర్వాత గురుకులానికి ఫోన్ చేసి, సోమవారం వస్తానని చెప్పింది. జయరాజ్ ఆమె వైపు చూశాడు.

“ఇంక పెట్టి సూడనే లేదు గదనే.”

“రోగం దొరికింది గద. రేపు పొద్దటి బస్సుకు పోయి తెస్త.”

శనివారం కొత్త అడాప్టర్ వచ్చింది. వైరును పట్టెకు కట్టడానికి ఉష పాత చీర పేలిక చింపి ఇచ్చింది. జయరాజ్ రెండుసార్లు కట్టాడు. రెండుసార్లూ అతని చేతులు అలవాటుగా బిగించేశాయి. మూడోసారి ఉష తన చూపుడువేలు వైరు పక్కన పెట్టింది.

“నా వేలు మీదికెల్లి కట్టు. గిది నలిగితే అన్నం వండేటోళ్లుండరు.”

కట్టాడు. ఆమె వేలు తీసుకుంది. ముడి నిలబడింది. మంచం తల పైకి లేపితే వైరు పేలికలో నుంచి సాఫీగా జరిగింది. తెర మూలన ఏ హెచ్చరికా లేదు.

సోమవారం పొద్దున ఉష గడప దాటి, మళ్లీ లోపలికి వచ్చి, నీళ్ల సీసా దగ్గరికి జరిపింది.

“బస్సు పోతదే,” అన్నాడు జయరాజ్ తెర మీదనుంచి కళ్లు తీయకుండా.

మల్లయ్య అప్పటికే కల్లు దుకాణానికి వెళ్లిపోయాడు. ఇంట్లో జయరాజ్ ఒక్కడే మిగిలాడు. ఒక పెద్ద మామిడితోట ఫొటో వచ్చింది. చెట్టు చెట్టుకూ చుట్టూ గీత గీస్తూ పోయాడు. పని సాగుతుండగానే బ్యాటరీ పైకి ఎక్కింది. మధ్యాహ్నానికి నిండింది. వైరు తీసి, డబ్బాలోని అన్నం తిని, కాసేపు పక్కకు ఒరిగి, మళ్లీ పెట్టుకున్నాడు. తెర వెలిగింది. అన్నం కూడా ఎంతో రుచిగా ఉన్నట్టు అనిపించింది. సాయంత్రానికి ఇచ్చిన ఫొటోలన్నీ అయిపోయాయి. ఇంకా ఉంటే పంపమని ఆఫీసును తనే అడిగాడు. టీమ్‌లో అందరికంటే ముందు అడిగింది తనేనని జవాబు వచ్చింది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

చీకటి పడుతుండగా ఉష వచ్చింది. చెప్పులు విడవకుండానే అడిగింది. “బ్యాటరీ ఎంత?”

“నూరు.”

“ఇప్పుడా?”

“మధ్యాహ్నం సంది నూరే. ఇట్రా, సూడు.”

ఆమె చూసి అతని భుజం మీద ఒక్కటి చరిచింది. మంచం అంచున కూలబడి పాదాలు పిసుక్కుంది. ఒంటినిండా పోపు వాసన.

“ఇగ నా ముచ్చట ఇను. ఆడ కొండవ్వని పెద్ద వంటామె ఉన్నది. నన్ను జూసి, ‘ఇంట్ల ముగ్గురికి వండినదానివి, గింతమందికి నీతోని ఏమైతది’ అన్నది. నేనేమన్ననో ఎరుకేనా?”

“ఏమన్నవ్?”

“గంటె ఇటియ్యమన్న. సాంబారు నేనే జేసిన. పోరగాండ్లు మల్లమల్ల వచ్చి పోయిచ్చుకున్నరు. కొండవ్వ గూడ దొంగతనంగ ఇంకో గిన్నె తాగింది, నేను జూసిన.”

జయరాజ్ గట్టిగా నవ్వాడు. లాప్‌టాప్ మూసి, దిండు సర్దుకొని, ఆమె వైపు తిరిగాడు.

“మొదటి సంది చెప్పు,” అన్నాడు. “బస్సు ఎక్కిన కాడికెల్లి చెప్పు.”