నా నంబరు వాళ్ల సొరుగులో

మా అమ్మాయి పుట్టిన వారంలోనే భిలాయ్ పవర్ హౌస్ మార్కెట్లో ఆ సిమ్ కొన్నాను. ఆ తర్వాత నాలుగు ఫోన్లు పాడయ్యాయి, రెండు క్వార్టర్లు మారాం, ఉద్యోగమూ మారింది. నంబరు మాత్రం మార్చలేదు. గ్యాసుకీ, బ్యాంకుకీ, అమ్మాయి బడికీ, చివరికి ఆమె కాలేజీ కౌన్సెలింగ్ ఫారానికీ అదే ఇచ్చాను. పద్దెనిమిదేళ్లు. దాన్ని ఒక్క సంతకంతో పోగొట్టుకున్నాను. ఆ కోపంలో సగం నా మీద. మిగతా సగం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భిలాయ్ ఉక్కు ప్లాంటుకీ, చుట్టుపక్కల చిన్న రోలింగ్ మిల్లులకీ గేర్‌బాక్సులు బాగుచేసే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆఫీసు వ్యవహారాలన్నీ మేనేజరు చూసేవాడు. అతనిదీ మాలాగే తెలుగు కుటుంబమే, విజయనగరం వైపు. మా నాన్నా, వాళ్ల నాన్నా ఒకే ఏడాది ఇక్కడికి వచ్చి ప్లాంటులో చేరారు. నన్ను తమ్ముడూ అనేవాడు, నేను అన్నయ్యా అనేవాణ్ణి. ఆ వరస మాటకే గాని మనసుకి లేదని తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ఆ వానాకాలంలో నేపాల్‌లో రెండు మిల్లులకి వెళ్లాల్సిన పని పడింది. పనిముట్లతో కంపెనీ బండిలో రోడ్డు మీదే ప్రయాణం. బయల్దేరే ముందురోజు మేనేజరు పిలిచాడు. సైట్లకి తిరిగేవాళ్లందరి నంబర్లూ ఒకే నెట్‌వర్క్‌కి, కంపెనీ పేరు మీదికి మారుస్తున్నారట.

"నంబరు నాదన్నయ్యా, కంపెనీ పేరెందుకు?" అన్నాను.

"నీ నంబరు నీకే ఉంటాది తమ్ముడూ. నెట్‌వర్కే మారతాది. బిల్లు కంపెనీ కట్టుకుంటాది. నీకేటి నష్టం?"

"అమ్మాయి కౌన్సెలింగ్ నడుస్తోంది. ఓటీపీలన్నీ ఈ నంబరుకే వస్తాయి. ఇప్పుడు కదపొద్దు."

"అలాగేలే, నువ్వొచ్చినాకే పంపుతాను. కోడు మాత్రం ఇచ్చీసి ఎల్లు. లిస్టు పూర్తవ్వాల."

అతని టేబుల్ ముందు నిలబడే మెసేజ్ పంపాను. నంబరు మార్పిడికి కావాల్సిన కోడు వచ్చింది. చదివి వినిపించి, ఫారం మీద సంతకం పెట్టాను. ఆ కోడు నాలుగు రోజులే చెల్లుతుందని మెసేజ్ చివర రాసి ఉంది. నేను తిరిగొచ్చేది పన్నెండు రోజులకి. అంటే నేను వచ్చాక పంపడం జరిగే పని కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. నాకు తెలియకపోవడానికి కారణం ఒక్కటే, ఆ చివరి వాక్యం నేను చదవలేదు.

మర్నాడు ఉదయం నేనూ, మా ఫిట్టరూ బయల్దేరాం. అతనిది భిలాయ్ పక్కనే ఉతై దగ్గర పల్లె, నాకన్నా పదేళ్లు పెద్ద, అయినా నన్ను భయ్యా అనే పిలుస్తాడు. బండి నడిపేదీ అతనే. బిలాస్‌పూర్, అంబికాపూర్, బనారస్, గోరఖ్‌పూర్ దాటి మూడోనాటికి సరిహద్దు చేరాం. బండి కాగితాల కోసం కస్టమ్స్ వాళ్ల దగ్గర రెండు గంటలు నిలబడ్డాం. పక్కనే దుకాణంలో ఓటరు కార్డు నకలూ, ఫోటో ఇచ్చి నేపాలీ సిమ్ తీసుకున్నాను. మాట్లాడ్డానికి అది, మెసేజీలు అందుకోవడానికి నా పాత సిమ్. దానికి ముందే రోమింగ్ వేయించుకున్నాను.

సరిహద్దు వెంబడి ఫోను ఒకచోట నిలవదు. పది అడుగులు ఇటు వేస్తే మన టవర్, అటు వేస్తే వాళ్ల టవర్. మారినప్పుడల్లా గడియారం పావుగంట ముందుకి దూకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అక్కడి టైము మనకన్నా పావుగంట ముందు. మా ఫిట్టర్‌కి అది పెద్ద వినోదం. టీ తాగుతూ అటూ ఇటూ నడిచి, "భయ్యా, మళ్లీ పావుగంట మిగిలింది!" అని హిందీలో నవ్వేవాడు.

మొదటి మిల్లులో పనిచేస్తుండగా పాత సిమ్‌కి మెసేజ్ వచ్చింది. నంబరు మార్చమని మీ అభ్యర్థన అందింది, వద్దనుకుంటే ఇరవైనాలుగు గంటల్లో రద్దు చేసుకోవచ్చు అని. వెంటనే మేనేజరుకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, పంపేశారా ఏంటి?"

"లేదు లేదు. అది దానంతటదే వచ్చీ మెసేజు. నువ్వేటీ నొక్కకు, గందరగోళం అయిపోద్ది."

అబద్ధం. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఒక్క మెసేజ్ పంపితే ఆగిపోయేది. చేతుల నిండా గ్రీజు, ఎదురుగా విప్పిన గేర్‌బాక్సు. అన్నయ్య చెప్పాడు కదా అని ఫోను జేబులో పెట్టుకున్నాను.

తర్వాత సరిహద్దు పక్కనే ఉన్న బీర్‌గంజ్ వైపు రెండో మిల్లుకి వెళ్లాం. అక్కడ ఉండగా ఒక సాయంత్రం అమ్మాయి నేపాలీ నంబరుకి చేసింది. 

"నాన్నా, మిల్ గయా! పశువైద్యం సీటు వచ్చింది. మన జిల్లాలోనే, ఇంటి నుంచే రోజూ వెళ్లొచ్చు."

చిన్నప్పటి నుంచి మా సెక్టారు వీధికుక్కలన్నిటికీ కట్లు కట్టిన పిల్ల. రెండేళ్లు దీనికోసమే చదివింది. మిల్లు వాళ్ల క్యాంటీన్‌లో ఉన్నవాళ్లందరికీ మా ఫిట్టర్ జిలేబీలు పంచాడు. సీటు ఒప్పుకుంటున్నట్టు మర్నాడు సాయంత్రం ఐదింటిలోపు వెబ్‌సైట్‌లో నొక్కాలి. దానికి నా నంబరుకి ఓటీపీ వస్తుంది. మెయిల్‌కి రాదు, ఇంకో నంబరుకి రాదు.

మర్నాడు ఉదయం అమ్మాయి మూడుసార్లు నొక్కింది. ఓటీపీ రాలేదు. నా ఫోన్‌లో పాత సిమ్ గుర్తు పక్కన అడ్డగీత. ఫోను ఆపి మళ్లీ వేశాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను. అక్కడున్న నెట్‌వర్కులన్నీ ఒక్కొక్కటే ఎంచి చూశాను. ఏదీ పట్టలేదు.

"బోర్డర్ దగ్గరికి వెళ్దాం భయ్యా. మన టవర్ తగిలితే వచ్చేస్తుంది," అన్నాడు ఫిట్టర్. బండి తీశాడు.

సరిహద్దు వంతెన కనబడేంత దగ్గరికి వెళ్లేసరికి అతని ఫోను మన టవర్ని పట్టుకుని టింగుమని మోగింది. నాది మోగలేదు. మన టవర్ కిందే నిలబడినా నా సిమ్ చచ్చినట్టే ఉంది. నంబరు మారిపోయిందని అప్పుడర్థమైంది.  అతని ఫోన్ తీసుకుని మేనేజరుకి చేశాను.

"ఆఁ, నిన్న సాయంత్రమే మారిపోనాది," అన్నాడు, వాన పడిందని చెప్పినట్టు. "కొత్త సిమ్ము నా సొరుగులోనే ఉంది. నువ్వొచ్చి తీసుకో."

"నేనొచ్చాక చేస్తానన్నారు కదా!"

"అందరివీ ఒక్కసారి ఎల్లాల తమ్ముడూ. నీ ఒక్కడిదీ ఆపితే కోడు చచ్చిపోద్ది. నానేటి చేసేది?"

ఏం చేసేదా? నిజం చెప్పడం ఒకటుంది. అది చేయొచ్చు. ఆ మాట అక్కడే అన్నాను.  పోట్లాటకి టైము లేదు. అమ్మాయి వస్తుంది, సిమ్ ఇవ్వండి, వేరే ఫోన్లో వేసుకుంటుంది అన్నాను. సరే అన్నాడు.

మా ఆవిడ దుర్గ్ కోర్టులో టైపిస్టు. పనివేళల్లో ఫోను దగ్గర ఉండదు. అమ్మాయి ఒక్కతే స్కూటీ మీద వానలో తడుస్తూ పవర్ హౌస్ దగ్గరి మా ఆఫీసుకి వెళ్లింది. ఒంటిగంటకి చేరింది. సొరుగుకి తాళం. మేనేజరు భోజనానికి వెళ్లి, అటునుంచటే ఏదో పని మీద దుర్గ్ వెళ్లాడట. మూడుంపావుకి వచ్చాడు. తడిసిన బట్టలతో రెండుంపావు గంటలు బెంచీ మీద కూర్చుంది పిల్ల. అతనికి మధ్యలో ఆరుసార్లు చేశాను. రెండుసార్లు ఎత్తి, "వస్తన్నాను, దారిలో ఉన్నాను" అన్నాడు.

వచ్చాక ఇంకో మాట.

"నాన్నా, అంకుల్ ఇవ్వట్లేదు. మీ సైన్ కావాలంట. అబ్ క్యా కరూఁ, ఇప్పుడేం చేయను?"

ఫోను అతనికిమ్మన్నాను.

"కంపెనీ సిమ్ము తమ్ముడూ. సంతకం లేకుండా బయటికి ఇవ్వకూడదు. రేపు నా మీదకొస్తాది."

"అది నా నంబరు!"

"నంబరు నీదే. సిమ్ము కంపెనీది."

బండి బానెట్ మీద కాగితం పెట్టి, మా అమ్మాయికి సిమ్ ఇవ్వమని రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాను. ప్రింటు తీయాలన్నాడు. ప్రింటర్‌లో కాగితం లేదు. అమ్మాయే బయటికి పరుగెత్తి ప్రింటు తీయించుకొచ్చింది. సిమ్ చేతికొచ్చేసరికి నాలుగూ ఇరవై. ఫోన్లో వేసింది. సిగ్నల్ రాలేదు. కంపెనీ పేరు మీద సిమ్ కాబట్టి కంపెనీ తరఫున సంతకం చేసినాయన నెట్‌వర్క్ వాళ్లకి ఫోనులో అవునని చెబితేనే సిమ్ మొదలవుతుందట. ఆయన మా ఓనరు. రాయ్‌పూర్‌లో మీటింగులో ఉన్నాడు. మేనేజరు ఒకసారి చేశాడు, ఆయన ఎత్తలేదు.

నేను వంతెన దగ్గరే నిలబడి ఉన్నాను. ఫోన్లో ఐదయింది. అయిపోయిందనుకుని రోడ్డు పక్కన కూలబడ్డాను. ఫిట్టర్ నా భుజం కుదిపాడు.

"భయ్యా, అది నేపాల్ టైము! మనకింకా పావుగంట ఉంది!"

లేచి, లైన్లోనే ఉన్న అమ్మాయితో అరిచాను. "అమ్మా, ఇంకా టైముంది! ఓనరుకి మళ్లీ చేయమను!"

స్పీకర్ పెట్టి ఉంది. అంతా వినబడుతోంది.

"అంకుల్, ప్లీజ్, ఇంకోసారి చేయండి."

"ఓసారి చేసాను కదమ్మా. మీటింగులో ఉన్నారు. మళ్లీ మళ్లీ చేస్తే కోప్పడతారు."

"అయితే నంబర్ ఇవ్వండి, నేనే చేస్తాను."

"ఓనరు నంబరు అలా ఇచ్చీకూడదు."

"అన్నయ్యా, కాళ్లు పట్టుకుంటాను, ఇంకొక్కసారి!" అన్నాను. అవును, అన్నాను. ఫిట్టర్ ముందు, వచ్చేపోయే లారీల ముందు ఆ మాట అన్నాను.  కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. టీ తాగడానికి లేచాడని తర్వాత అమ్మాయి చెప్పింది.

పావుగంట అలా పోయింది. ఒకడి పిల్ల భవిష్యత్తుకన్నా, ఓనరు విసుక్కుంటాడేమోనన్న భయం అతనికి పెద్దదైంది.

"నాన్నా, వెబ్‌సైట్ బంద్ అయిపోయింది," అంది అమ్మాయి. ఏడవలేదు. "నేను ఇంటికి వెళ్తున్నా. మీరు పని చూసుకుని జాగ్రత్తగా రండి."

ఓనరు ఆరున్నరకి అవునన్నాడు. సిమ్‌కి ప్రాణం వచ్చింది. అందులో పడ్డ మొదటి మెసేజ్ కొత్త నెట్‌వర్క్ స్వాగతం.

మిల్లులో షాఫ్టులు సరిచూడ్డం ఇంకా మిగిలి ఉంది. ఒకే కొలత రెండుసార్లు తప్పుగా తీశాను. ఫిట్టర్ నా చేతిలోంచి పనిముట్టు తీసుకుని, "మీరు కూర్చోండి భయ్యా, నేను చూసుకుంటా," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి మొత్తం తనే పూర్తిచేశాడు. 

భిలాయ్ చేరాక ఇంటికి కూడా వెళ్లకుండా ఆఫీసులోకి నడిచాను. మేనేజరు లేచి నిలబడ్డాడు.

"తమ్ముడూ, కూకో. టీ తాగు."

"తమ్ముడూ అనకండి."

"నా తప్పేటుంది చెప్పు? రూలు రూలే కదా."

"అబద్ధం చెప్పమని ఏ రూలుంది? ఆ మెసేజ్ వచ్చిన రోజు పంపాననే చెప్పి ఉంటే అప్పుడే ఆపేసేవాణ్ణి. మా పిల్ల రెండు గంటలు తడిబట్టలతో మీ బెంచీ మీద కూర్చుంది. మీ పిల్లైతే కూర్చోబెడతారా?"

ఆఫీసంతా వింటోంది. అతను నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. విదిలించాను. ఇంకాసేపు ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ణి. ఆ భయంతోనే బయటికి వచ్చేశాను. ఓనరు దగ్గరికీ వెళ్లాను. ఆయన అంతా విని, "ఎవరో ఒకరు నాకు మెసేజ్ పెట్టాల్సింది," అని మరో ఫైలు తీశాడు.

నంబరు నా పేరు మీదికి తిరిగిమ్మన్నాను. మారిన నంబరు మళ్లీ మారాలంటే తొంభై రోజులు ఆగాలన్నారు. ఆ తొంభై రోజులూ అక్కడే పనిచేశాను. నా బ్యాంకు తాళం లాంటి ఆ నంబరుని వాళ్ల చేతిలో పెట్టి ఎలా వెళ్లను? నంబరు నా పేరుకి వచ్చిన మర్నాడే రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు వేరే కాంట్రాక్టరు దగ్గర పని. జీతం కాస్త తక్కువే.

తర్వాతి రౌండులో ఆ సీటు ఇంకెవరికో వెళ్లిపోయింది. అమ్మాయి ఏడాది ఇంట్లో కూర్చుని ప్రవేశ పరీక్ష మళ్లీ రాసింది. ఈసారి ఫారంలో తన నంబరు వేసుకుంది. సీటు వచ్చింది గానీ మన జిల్లాలో కాదు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేయాల్సినంత దూరం. హాస్టల్లో ఉంటోంది.

సీటు వచ్చిందన్న కబురు తెలిసి మేనేజరు మిఠాయి డబ్బాతో మా గుమ్మం ముందుకొచ్చాడు.

"మరేటి తమ్ముడూ, మీ గుంటకి సీటు వచ్చీసింది కదా. ఏడాది అయితే ఏటైపోనాది? చిన్నపిల్లే కదా."

డబ్బా తీసుకుని వెళ్లిపొమ్మన్నాను. గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. ఇంటికొచ్చిన మనిషిని అలా పంపొచ్చా అని మా ఆవిడ వారం రోజులు సణిగింది.  అమ్మాయి లోపల హాస్టల్‌కి తన బట్టలు సర్దుకుంటూ అంతా వింది.

ఇప్పటికీ కోపం తగ్గలేదా అని ఫిట్టర్ అప్పుడప్పుడూ అడుగుతాడు. తగ్గలేదు. పండక్కి ఇల్లు చేరడానికి టికెట్ దొరకక పిల్ల హాస్టల్లోనే ఉండిపోయిన ప్రతిసారీ ఇంకొంచెం పెరుగుతుంది.