సీసాలకు టెస్టు చెయ్యమన్న కోటయ్య గారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో నర్సుగా ఉన్నాను. ఎండోస్కోపీ అంటే కొసన కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోట్లోంచి దింపి అన్నవాహికను, పొట్టను చూడటం. వచ్చినవాళ్లు పరగడుపున ఉన్నారో లేదో చూసుకోవడం నా పని. కడుపులో ఏమైనా ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ విషయంలో నేను కాస్త గయ్యాళిని.

బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన మిరప రైతు కోటయ్య గారికి అరవై దాటాయి. పదిహేనేళ్లుగా గుండెల్లో మంట. షాపులో గ్యాస్ బిళ్ల కొని మింగడమే వైద్యం. ఈమధ్య ముద్ద ఛాతీ దగ్గర ఆగుతోందని చెప్పగానే డాక్టరు గారు ఎండోస్కోపీ రాశారు. కోటయ్య గారు మాత్రం భార్య చేతిలోని సంచి లాక్కుని నా బల్ల మీద బోర్లించారు. టమాటా సాసు, జాము, అల్లం వెల్లుల్లి పేస్టు, ప్యాకెట్ పచ్చళ్లు.

"టెస్టు వీటికి చెయ్యండమ్మాయ్. మా కోడలు తెచ్చుద్ది. పాడవకుండా ఏందో మందు కలుపుతారంట. క్యాన్సర్ దాంతోనే వచ్చుద్దంట, ఫోన్లో చూశా."

"ఇవి మీరు తింటారా బాబాయ్?"

"ఛీ, నేను ముట్టను!"

ఆయన భార్య పద్మావతమ్మ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఈయన తినేది గొడ్డుకారమమ్మా. తినంగానే చుట్ట, చుట్ట ఆరకముందే మంచం."

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. సీసాల సరుకు తగ్గిస్తే మంచిదే. కానీ ఏళ్ల తరబడి పొట్టలోని ఆమ్లం పైకి తన్నడం, అంటే రిఫ్లక్స్, దానికి తోడు చుట్ట. ఈయన అన్నవాహికకు ముప్పు వీటివల్లే ఎక్కువ.

రేపు పరగడుపున రమ్మని చెప్పి పంపాను. మర్నాడు శనివారం. ఏమైనా తిన్నారా అంటే "అన్నం ముట్టలా" అన్నారు. బల్ల ఎక్కించబోతూ ఎందుకో "టిఫినో?" అన్నాను.

"నాలుగిడ్లీ. ఒక్కపొద్దుకి తినేదేగా!"

మన వైపు ఒక్కపొద్దంటే అన్నం మానడమే, టిఫిను లెక్కలోకి రాదు. ఇడ్లీ పేరు పెట్టి వద్దనకపోవడం నా తప్పే అనుకుని పంపేశాను.

సోమవారం వచ్చి "మంచినీళ్లు కూడా తాగలా" అన్నారు. చొక్కా మీద అల్లం చట్నీ ఇంకా ఆరలేదు. నాకు ఒళ్లు మండి గట్టిగా అరిచాను.

"కావాలనే తిన్నాడమ్మా," అన్నారు పద్మావతమ్మ గారు. "బస్సు దిగంగానే పెసరట్టు. వాళ్లన్న ఇదే రోగంతో పోయాడు. గొట్టం ఏసిన మూణ్ణెల్లకే. టెస్టు చేస్తేనే రోగం వచ్చుద్దని ఈయన భయం."

కోటయ్య గారు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అరిచినందుకు సిగ్గేసింది.

"మీ అన్నగారు ఎప్పుడొచ్చారు బాబాయ్ ఆసుపత్రికి?"

"ఏడాది ఆగాడు. గంజి కూడా దిగనప్పుడు తీసుకొచ్చాం..." అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయారు.

మర్నాడు నిజంగానే పరగడుపున వచ్చారు. గొట్టం లోపలున్నంతసేపూ నా చెయ్యి పట్టుకున్నారు. రైతు పట్టు, నా వేళ్లు రెండు రోజులు నొప్పెట్టాయి. బయాప్సీకి, అంటే పరీక్ష కోసం, చిన్న ముక్క తీశారు.

వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. ముద్ద ఆగింది వాపు వల్ల. కానీ ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారింది. దాన్ని బారెట్స్ అంటారు. కొందరిలో అదే క్యాన్సర్ దాకా పోతుంది కాబట్టి మందులు మానకూడదు, చుట్ట మానాలి, చెప్పినప్పుడల్లా మళ్లీ గొట్టం వేయించుకోవాలి. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు "భయంగా ఉందా?" అని అడుగుతున్నాను. ఉందన్నవాళ్లతో ఇబ్బంది లేదు, పరగడుపునే వస్తారు. "నాకేం భయం!" అన్నవాళ్లను మాత్రం కూర్చోబెట్టి, పొద్దున ఏం టిఫిను తిన్నారో అడుగుతాను.