కూలిన కోటలో బొమ్మల కొలువు

మా అమ్మాయి ఏడో క్లాసులో ఉండగా, స్కూల్లో జపాన్ కోట నమూనా చేసుకురమ్మన్నారు. తక్కిన పిల్లలు అంతస్తుల మీద అంతస్తులు లేపుతుంటే ఇది మాత్రం కూలిపోయిన కోటని ఎంచుకుంది. బద్ధకమే అనుకున్నాను. ఎవరి పోలికో నేను చెప్పను.

బద్ధకం కాదని త్వరలోనే తెలిసింది. అమెరికాలో, బాతెల్ ఊళ్లో మా ఇంటి వెనకున్న గులకరాళ్లన్నీ డైనింగ్ టేబుల్ ఎక్కాయి. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటూ పాఠం వినాలి. గోడ కింద వాలుగా మొదలై, పైకి పోయేకొద్దీ నిటారుగా లేస్తుందట. సున్నం లేకుండా రాయికి రాయి ఇరికించి కడతారట. వెనక చిన్నరాళ్లు నింపితే వాననీళ్లు దిగిపోతాయట. గుమ్మం దాటగానే దారి అడ్డంగా తిరుగుతుంది, శత్రువు తిన్నగా జొరబడకుండా. పైన చెక్కమేడ ఉండేది. ప్రభువుల రోజులు పోయాక కొత్త ప్రభుత్వం కోటలు తీసెయ్యమంటే, చెక్కంతా ఊడదీసుకుపోయారు.

"స్టోన్స్ టూ హెవీ కదా అమ్మా, అందుకే ఉన్నాయి" అంది, బుర్ర తక్కువదానికి చెప్పినట్టు.

అది దసరా సమయం. ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి బొమ్మలు తెచ్చుకున్నారు. కొలువుకి మెట్లు కావాలని రోజూ అడిగేవారు. "ఈ వీకెండ్ చేస్తా అత్తయ్యా" అని నేనూ రోజూ అనేదాన్ని. శనివారం అమ్మాయిని సాకర్ ప్రాక్టీస్ నుంచి తీసుకొచ్చేసరికి, మూడంచెల కోట మీద నా పట్టు జాకెట్టు గుడ్డ పరిచి ఉంది. పైన రాజూ రాణీ, కింద కొండపల్లి ఏనుగు, గుమ్మంలో తలూపే తాత.

"రాళ్లతో చేశావుటే మెట్లు! బలే ఉన్నాయి" అన్నారు అత్తగారు, నేనే చేశాననుకుని.

ఆవిడ నోట మెచ్చుకోలు అరుదు గనక వెంటనే కాదనలేకపోయాను.

అమ్మాయి ఏడుపు లంకించుకుంది. "నానమ్మా, అది రూయిన్! దాంట్లో ఎవరూ ఉండకూడదు. మండే సబ్మిట్ చెయ్యాలి!"

"కొలువు తీర్చాక మధ్యలో కదపకూడదే. అశుభం."

పేరంటానికి ఫోన్లు కూడా చేసేశారు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆదివారం పొద్దున్న అత్తగారే మాట కదిపారు. "ఇంతకీ ఆ కోటలోవాళ్లు ఏమయ్యారే?"

"వెళ్లిపొమ్మన్నారు నానమ్మా."

"ఆడవాళ్లని కూడానా?"

"అందర్నీ."

ఆవిడ లేచి హారతిచ్చి, రాణిని మెల్లిగా పడుకోబెట్టారు. కొలువు ఎత్తేముందు చేసే పని అదే. "పాపం, వీళ్లని మనం రెండోసారి వెళ్లగొడుతున్నాం. రా, నువ్వూ పట్టు" అన్నారు. ఇద్దరూ ఒక్కో బొమ్మనీ ఆ వంకర దారి వెంటే నడిపించి, గుమ్మంలోంచి బయటికి తీశారు. ఏనుగు పట్టకపోతే గోడ మీంచి దాటించారు.

వట్టి రాళ్లు చూసి అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. "నానమ్మా, వన్ పర్సన్‌ని ఉంచుదామా? జస్ట్ కాపలాకి?"

"వద్దమ్మా. అంత కోటలో ఒక్కళ్లనే వదిలేసిపోతే పొద్దెలా పోతుంది?"

మేం ఆఫీసులకీ స్కూలుకీ పోయాక పగలంతా మా ఇంట్లో ఒక్కరే ఉండే మనిషి ఆవిడ.

మర్నాడు అమ్మాయినీ కోటనీ స్కూల్లో దింపి, ఆఫీసుకి పోకుండా ఇంటికి తిరిగొచ్చాను. తలుపు తీసిన అత్తగారు నా చేతులవంకా కారువంకా చూశారు.

"ఏం మర్చిపోయావే?" అన్నారు.