లియోనా ముందు పెడతానన్న సంతకం

లియోనా వెర్డిన్ స్కూలు బస్సు నడిపేది. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించేస్తే సాయంత్రం దాకా బస్సు ఖాళీ. ఆ వేళలో ఇటుకలాంటి నోటరీ పరీక్ష పుస్తకాన్ని స్టీరింగుకు ఆనించుకుని చదువుకునేది. లూసియానాలో నోటరీ అంటే ముద్ర కొట్టి పంపే మనిషి కాదు. వీలునామాలు, ఇళ్ల అమ్మకాలు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ నోటరీయే రాసిపెట్టాలి. అందుకే పరీక్ష అంత కఠినం. పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాయనిచ్చినా, పదిమందిలో ఒకరో ఇద్దరో గట్టెక్కుతారు.

ఆమెను ఈ చదువులోకి దింపింది బాబాయ్ ఆంత్వాన్ నాకిన్. ఎనభై దాటిన మనిషి. బతుకంతా రొయ్యల పడవ మీదే గడిపాడు. ఆ కాలువ ఒడ్డు పాతతరం వాళ్లలాగే ఫ్రెంచి తప్ప మరో మాట రాదు. కొడుకులిద్దరూ ఎప్పుడో టెక్సాస్ చమురు బావుల పనికి పోయి అక్కడే ఉండిపోయారు. పెళ్లి చేసుకోకుండా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నది కూతురు ఎల్మీర్ ఒక్కతే. కాలువ ఒడ్డున స్తంభాల మీద కట్టిన ఇల్లు, దాని చుట్టూ ఉన్న కాస్త నేల ఆమెకే రాసివ్వాలని ఆయన కోరిక. రాసివ్వకుండా పోతే ముగ్గురికీ సమానంగా వెళుతుంది.

"టౌనులో నోటరీల దగ్గరికి పోదాం బాబాయ్. వాళ్లు ఇంగ్లీషులో ఏం రాశారో పక్కనుండి నేను చెప్తాగా," అంది లియోనా ఒకసారి.

"మా నాన్నకీ ఒకడు పక్కనుండే చెప్పాడు," అన్నాడు ముసలాయన, రొయ్యల తలలు తుంచుతూ. చిత్తడి నేలలో వేటకు కౌలు కాగితమని చెబితే ఆ తండ్రి ఇంటూ గుర్తు పెట్టాడు. తీరా చూస్తే అది అమ్మకం కాగితం. "నువ్వు నోటరీవి అవ్వు. నీ ముందైతే పెడతా."

"నాకు యాభై దాటాయి. ఇప్పుడు పరీక్షలేంటి?"

"నాకు ఎనభై దాటాయి. చావడం ఆపుకుని కూర్చోలేదా?"

ఆదివారాలు ఎల్మీర్ పీతలు ఒలుస్తూ ఆమెకు పాఠం అప్పజెప్పించుకునేది.

"వీలునామాకి సాక్షులెందరే?"

"నోటరీ కాక ఇద్దరు."

"పేజీ పేజీకీ సంతకం పెట్టకపోతే?"

"పొయ్యిలోకే."

మొదటిసారి లియోనా తప్పింది. రెండోసారికి ముందు తుఫాను వచ్చి ఆమె ఇంటి కప్పు లేపేసింది. బూజు వాసన కొట్టే గదిలో, తడిసి ఉబ్బిన పుస్తకంతోనే చదివి వెళ్లి రాసింది. కొద్దిలో పోయింది.

"ఇంక చాల్లేవే. నాన్నని ఎలాగోలా బతిమాలి టౌనుకి లాక్కెళదాం," అంది ఎల్మీర్.

"ఈ ఒక్కసారి చూద్దాం. పుస్తకం ఇప్పుడు నా పట్టులోకొచ్చింది," అంది లియోనా.

అది అబద్ధం కాదు. కానీ తన కోసం ఒక మనిషి ఇలా పట్టుబట్టి కాచుకుని ఉండడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ ముచ్చట వదులుకోలేకపోయింది.

మూడోసారి బాటన్ రూజ్ వెళ్లి రాసి వచ్చింది. ఫలితం కోసం చూస్తుండగానే ఆంత్వాన్ వాకిట్లో కూలిపోయాడు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, తెలివి చెదిరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఎల్మీర్‌ని చనిపోయిన భార్య పేరుతో పిలవసాగాడు. అప్పుడొచ్చింది లియోనా ప్యాసయిందన్న కబురు.

ప్రమాణం చేసి నోటరీ అయిన మర్నాడే ఆమె కాగితాలు రాసుకుని వెళ్లింది. ఇరుగుపొరుగు వాళ్లిద్దరు సాక్షులుగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. లియోనా మంచం పక్కన కుర్చీ లాక్కుంది.

"బాబాయ్, ఈ ఇల్లు ఎవరికివ్వాలనుకున్నావ్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "పడవ కట్టేశారా?"

"కట్టేశారు. నీకు పిల్లలెందరు బాబాయ్?"

"పడవ కట్టేశారా?"

తెలివిలో లేని మనిషి సంతకం చెల్లదని సాక్షులు లేచి వెళ్లిపోయారు. ఆపైన లియోనా రోజూ పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించి నేరుగా అక్కడికే వచ్చేది. నిద్రలేచిన వేళైనా తెలివి తేటపడుతుందేమోనని అవే ప్రశ్నలు అడిగేది. ఒకనాడు ఆయన ఆమె చెయ్యి నిమిరాడు. అంతకు మించి ఏమీ లేదు.

చివరికి ఎల్మీర్ తలుపు మూసి వచ్చింది. "ఎడమ చేతిలో కలం పెట్టి నువ్వు పట్టుకో. సాక్షులతో నేను మాట్లాడతా."

"నావల్ల కాదే."

"ఆయన మనసులో ఏముందో నీకు తెలీదా?"

"నాకు తెలిస్తే చాలదు. ఆయనకి తెలిసి పెట్టాలి."

"ఇన్నేళ్లూ చాకిరీ చేసింది నేను. వాళ్లిద్దరూ క్రిస్మస్‌కి కూడా రాలేదు."

"తెలుసు. కానీ దేనిమీద పెడుతున్నాడో తెలీకుండానే కదే, తాతయ్య చేత కూడా గుర్తు పెట్టించింది."

"అది దోపిడీ. ఇది నాన్న నోటితో అన్న మాట. రెండూ ఒకటేనా నీకు?"

రెండూ ఒకటి కావని లియోనాకూ తెలుసు. అయినా కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకుంది.

"మరి ఎందుకు చదివినట్టే నువ్వు?" అంది ఎల్మీర్, గొంతు పెంచకుండానే.

చలికాలం వెళ్లకముందే ఆంత్వాన్ పోయాడు. శవజాగరణ రాత్రి లియోనా వచ్చి పక్కన కూర్చుంటే, ఎల్మీర్ లేచి అవతలి కుర్చీలోకి మారింది. కొడుకులు ఇల్లు అమ్మకానికి పెట్టారు. సరదాగా చేపలు పట్టడానికి వచ్చే డబ్బున్నవాళ్లకు విడిది చేస్తానని ఎవరో కొన్నారు. మూడో వాటా తనది కాబట్టి అమ్మకం కాగితం మీద ఎల్మీర్ కూడా సంతకం పెట్టాలి. ఆమె లియోనాను పిలవలేదు. హూమా టౌనులో ఇంగ్లీషు నోటరీ ముందు, తనకూ ఇంగ్లీషు చదవడం రాకపోయినా తర్జుమా చేసే మనిషి లేకుండా, చూపించిన చోటల్లా పెట్టేసి వచ్చింది.

తర్వాత టౌను చివర చక్రాల మీద నిలబెట్టిన ఒక అద్దె ట్రెయిలర్ ఇంట్లోకి మారింది. లియోనా ఇప్పటికీ బస్సు నడుపుతుంది. ఆమె దగ్గరికి కాగితాల కోసం ఎవరైనా వస్తే, చాలావరకు పాత కార్లు అమ్ముకునేవాళ్లే. కాలువ ఒడ్డున ఫ్రెంచి తప్ప రానివాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

ఎండాకాలం సెలవుల్లో ఒకసారి లియోనా రొయ్యల గంబో పులుసు వండి తీసుకుని ట్రెయిలర్‌కి వెళ్లింది. ఎల్మీర్ తలుపు సగం తెరిచింది. మనిషి చిక్కిపోయింది.

"వేడిగా ఉంది, జాగ్రత్త," అంది లియోనా.

ఎల్మీర్ గిన్నె అందుకుంది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.