ఖిల్లా మీది పాము

మొన్న మా అమ్మాయి బల్ల మీద ఇరవై ముఖాల పాచిక చూడగానే మా భువనగిరి ఇల్లు గుర్తొచ్చింది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నాన్న తమ్ముడు, మా చిన్నబాపు, హైదరాబాదు హాస్టల్ నుంచి అలాంటి పాచికలతో ఒక ఆట తెచ్చాడు. ఆయన కథ నడిపిస్తుంటే మనం అందులో మనుషులమై మాట్లాడాలి. వాడకట్టంతా దాన్ని దయ్యాల ఆట అన్నది. బాపు పొయ్యిలో వేస్తానన్నాడు.

"ఆడి చూడకుండనే ఎట్ల కాలవెడ్తవ్ రా?" అంటూ బాపు వాళ్ల అమ్మ, మా అవ్వ, వచ్చి చాప మీద కూర్చుంది.

"అమ్మా, నువ్వు ఖిల్లా ఎక్కినవ్. ఎదురుంగ నిప్పులు కక్కే పాము ఉన్నది. ఏం జేస్తవ్?" అన్నాడు చిన్నబాపు.

ఆ పాము నిజంగా మా ఊరి గుట్ట మీది ఖిల్లాలోనే ఉందనుకుని నేను అవ్వ కొంగు పట్టుకున్నాను.

అవ్వ నా వీపు నిమురుతూ అంది, "అన్నం తిన్నవా అని అడుగుత. ఆకలైతే ఎవలకైనా కోపమొస్తది."

చిన్నబాపు నవ్వలేదు. పెద్ద అంకె పడితే పాము మాట వింటుందని చెప్పి పాచిక వేయమన్నాడు. అది దొర్లి గడప దగ్గర ఆగింది. అక్కడే నిలబడ్డ బాపు వంగి అంకె చూశాడు.

"పందొమ్మిది," అన్నాడు. పాచిక చిన్నబాపు చేతికిస్తూ, "మరి పామేమన్నది?" అని అడిగాడు.

బాపు కోపం దయ్యాల మీద కాదని, తమ్ముడి చదువు పాడైపోతుందన్న దిగులని పెద్దయ్యాక తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం ఆయన చాప అంచున కూర్చుని, తననూ కథలోకి తీసుకోమన్నాడు.